ఇంటర్నెట్‌కు కరణం.. జాన్ పోస్టెల్

సర్వర్ అడ్మిన్‌గా కొత్తగా చేరినవాళ్లకు ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. ఒక లినక్స్ సర్వర్‌కు కనెక్షన్లు మధ్యమధ్యలో తెగిపోతున్నాయని ఫిర్యాదు వస్తుంది. కారణం వెతుకుతూ, అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క మెషీన్ల చిరునామాల పట్టిక తెరుస్తారు. దాన్ని ఏఆర్‌పీ టేబుల్ అంటాం. ఇప్పటి లినక్స్‌లో ‘ఐపీ నైబర్’ కమాండ్‌తో చూస్తాం. దాచిపెట్టిన ఎంట్రీలతో సహా అన్నీ చూపించమంటే వింతలు బయటపడతాయి. 224.0.0.22 అనే ఐపీకి ఎదురుగా 01:00:5ఈ:00:00:16 అనే మ్యాక్ అడ్రస్ ఉంటుంది. గేట్‌వేకి ఎదురుగా 00:00:5ఈ:00:01తో మొదలయ్యే ఇంకోటి. రెండు వేర్వేరు ఐపీలకు ఒకే మ్యాక్. ఈ మెషీన్లను మనవాళ్లెవరూ కొనలేదు, పెట్టలేదు. సర్వర్‌ను ఎవరో హ్యాక్ చేశారేమోనని గాభరా మొదలవుతుంది.

చాలాసార్లు అది హ్యాకింగ్ కాదు. ఆ నంబర్లు ఎక్కడి నుంచో ఊడిపడినవీ కావు. పాత రోజుల్లో ఊళ్లో ఏ సర్వే నంబరు ఎవరిదో కరణం గారి చిట్టా చూస్తే తెలిసేది. అలాగే ఇంటర్నెట్‌లో ఏ నంబరు దేనికి కేటాయించారో చెప్పే చిట్టా ఒకటి ఉంది. దాదాపు 30 ఏళ్ల పాటు దాన్ని రాసి, కాపాడినాయన జాన్ పోస్టెల్. ఇప్పటి ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువే. ఆయన రాసిన అంకెలు మాత్రం మన అందరి ఫోన్లలోనూ ఉన్నాయి.

కాగితం మీద మొదలైన లెక్క

జోనథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఆల్టడీనాలో పుట్టారు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాతి కాలంలో ఇంటర్నెట్‌ను నిర్మించిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ స్కూలు విద్యార్థులే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అంటే యూసీఎల్‌ఏలో, 1966లో ఇంజినీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్ పూర్తిచేశారు.

అదృష్టమో ఏమో గానీ ఆయన సరైన సమయానికి సరైన ల్యాబ్‌లో ఉన్నారు. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో కడుతున్న ఆర్పానెట్‌కు తొలి కేంద్రం యూసీఎల్‌ఏనే. ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ బృందంలో పోస్టెల్, సెర్ఫ్, క్రాకర్ ముగ్గురూ విద్యార్థులు. 1969 అక్టోబరు 29న అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశం వెళ్లింది. లాగిన్ అని పంపబోతే రెండు అక్షరాలు చేరేసరికి అవతలి కంప్యూటర్ క్రాష్ అయిందన్నది చాలామందికి తెలిసిన కథే.

వేరువేరు కంపెనీల కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు నంబర్ల మీద ఒప్పందం కావాలి. ఏ కంప్యూటర్‌కు ఏ నంబరు, ఏ సేవకు ఏ నంబరు అన్నది ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఒకే నంబరు ఇద్దరు వాడుకుంటే మొత్తం గందరగోళమే. ఈ పనిలో పేరు లేదు, పేపర్లు ప్రచురించే అవకాశం లేదు. అందుకే ఎవరూ ముందుకు రాలేదు. పోస్టెల్ తీసుకున్నారు. మొదట కాగితం మీద రాసుకున్న జాబితా అది. 1972 మేలో ఆయన ఒక పత్రం రాస్తూ, సేవల నంబర్లను అధికారికంగా పంచడానికి ఒక మనిషి ఉండాలని ప్రతిపాదించారు. ఆ మనిషి తనే అయ్యారు.

దాంతో పాటు ఇంకో బాధ్యత కూడా ఆయన మీద పడింది. నెట్‌వర్క్ నియమాలను రాసే పత్రాల వరస ఒకటి 1969 ఏప్రిల్‌లో క్రాకర్ మొదలుపెట్టారు. వాటినే ఆర్‌ఎఫ్‌సీలు అంటాం. వాటికి సంపాదకుడిగా పోస్టెల్ చివరి వరకూ పనిచేశారు. వచ్చిన ప్రతి పత్రాన్నీ చదవడం, భాష సరిచేయడం, నంబరు ఇవ్వడం, ప్రచురించడం ఆ పని. స్వయంగా రాసినవి, ఇతరులతో కలిసి రాసినవే 200కు పైగా ఉన్నాయి.

పొరలు కలపొద్దన్న పట్టు

పోస్టెల్ 1974లో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ తీసుకున్నారు. కంప్యూటర్లు మాట్లాడుకునే నియమాల్లో లోపాలుంటే ముందే పట్టుకోవడం ఎలాగన్నది ఆయన పరిశోధన. వేరే సంస్థల్లో కొంతకాలం పనిచేసి, 1977లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. సముద్రం ఒడ్డున మరీనా డెల్ రేలో ఉంటుంది అది. చనిపోయే దాకా అక్కడే. పొడవాటి గడ్డం, జుట్టు, కాళ్లకు చెప్పులు. రక్షణ శాఖ అధికారుల మీటింగైనా ఆయన వేషం పెద్దగా మారేది కాదు. సెలవు దొరికితే బ్యాగు తగిలించుకుని సియెర్రా కొండల్లో నడకకు వెళ్లిపోయేవారు.

ఆ ఏడాదే ఆగస్టులో ఆయన రాసిన ఒక నోట్ మన సర్వర్ సమస్యకు నేరుగా సంబంధించింది. అప్పట్లో టీసీపీ అంటే ఒకే పెద్ద ప్రోటోకాల్. ప్యాకెట్‌ను దారిలో ముందుకు పంపడం, రెండు చివర్ల మధ్య డేటా చెక్కుచెదరకుండా చేరేలా చూడడం రెండూ అదే చేసేది. ఇలా పొరలు కలిపేస్తే తప్పు చేస్తున్నామని పోస్టెల్ వాదించారు. మరుసటి ఏడాది సెర్ఫ్, డానీ కోహెన్‌లతో చర్చల తర్వాత దాన్ని రెండుగా విడదీశారు. దారి చూపించేది ఐపీ, చేరిందో లేదో చూసుకునేది టీసీపీ. 1981 సెప్టెంబరులో వచ్చిన ఐపీ, ఐసీఎంపీ, టీసీపీ పత్రాలకు సంపాదకుడు పోస్టెలే. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం కొత్త పద్ధతికి మారింది. ఆ మార్పుకు ప్రణాళిక రాసిందీ ఆయనే.

ఈ విభజన వల్లే మనం ఈరోజు సమస్యను ముక్కలుగా చేసి వెతకగలుగుతున్నాం. కేబుల్ బాగుందా, మ్యాక్ దొరికిందా, ఐపీ దారి సరిగ్గా ఉందా, పోర్టు తెరిచి ఉందా.. ఒక్కో మెట్టూ విడిగా పరీక్షిస్తాం. అన్నీ కలిసిపోయి ఉంటే ఎక్కడని వెతుకుతాం?

పక్కవాడి తరఫున బదులిచ్చే పెట్టె

ఏఆర్‌పీని కనిపెట్టింది పోస్టెల్ కాదు. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ రాశారు. అది పనిచేసే తీరు చాలా సింపుల్. ఒక సర్వర్‌కు పక్క మెషీన్ ఐపీ తెలుసు, మ్యాక్ తెలీదు. ఈ ఐపీ ఎవరిదని నెట్‌వర్క్ మొత్తానికి వినిపించేలా అడుగుతుంది. ఎవరు నాదే అంటే వాళ్లను నమ్మి పట్టికలో రాసుకుంటుంది. ఆధార్ కార్డు చూపించమని అడగదు. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల కాలం నాటి నమ్మకం అది. ఎవరైనా తప్పుడు జవాబు ఇచ్చి ట్రాఫిక్‌ను తనవైపు తిప్పుకోగలగడానికి కారణం కూడా అదే.

1984 అక్టోబరులో పోస్టెల్ ఈ ఏఆర్‌పీ మీదే ఒక పత్రం రాశారు. ఒక సంస్థలో విడివిడిగా ఉన్న లోకల్ నెట్‌వర్క్‌లు బయటివాళ్లకు ఒకే నెట్‌వర్క్‌లా కనిపించాలంటే ఏం చేయాలన్నది ప్రశ్న. నెట్‌వర్క్‌ల మధ్య ఒక పెట్టె పెట్టి, అవతలి వైపు మెషీన్ కోసం ఎవరైనా అడిగితే ఆ పెట్టే తన సొంత మ్యాక్ ఇచ్చి బదులు చెప్పేలా ఏర్పాటు వివరించారు. ప్యాకెట్ పెట్టెకు వస్తుంది, పెట్టె అవతలికి చేరవేస్తుంది. ఇలా వేరేవాళ్ల తరఫున బదులివ్వడాన్నే ఇప్పుడు ప్రాక్సీ ఏఆర్‌పీ అంటున్నాం. మన పట్టికలో పది ఐపీలకు ఒకే మ్యాక్ కనిపించడానికి ఇదొక మామూలు కారణం. రూటర్‌లోనో, లినక్స్ మెషీన్‌లోనో ప్రాక్సీ ఏఆర్‌పీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే చాలు.

5ఈ వెనక ఉన్న కథ

ఇక ఆ 5ఈ సంగతి. మ్యాక్ అడ్రస్‌లో మొదటి సగం దాన్ని తయారుచేసిన కంపెనీని చెబుతుంది. ఆ బ్లాకులను ఐఈఈఈ సంస్థ అమ్ముతుంది. 00:00:5ఈ అనే బ్లాకు మాత్రం ఏ కార్డుల కంపెనీదీ కాదు. పోస్టెల్ నడిపిన నంబర్ల కార్యాలయం ఐఏఎన్‌ఏది. నిజానికి కార్యాలయం అనడం కూడా ఎక్కువే. పోస్టెల్, ఆయన సహచరి జాయిస్ రేనాల్డ్స్ చేస్తున్న పనికి 1988 ప్రాంతంలో పెట్టిన పేరది.

ఆ బ్లాకులో సగాన్ని మల్టీకాస్ట్‌కు కేటాయించారు. అంటే ఒకేసారి చాలా మెషీన్లకు వెళ్లే ట్రాఫిక్‌కు. స్టీవ్ డీరింగ్ పరిశోధనతో వచ్చిన పద్ధతి అది. మల్టీకాస్ట్ ఐపీని మ్యాక్‌గా మార్చడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, లెక్క కట్టేస్తే చాలు. 224.0.0.22లో చివరి 22ను హెక్సాలో రాస్తే 16. అందుకే దాని మ్యాక్ 16తో ముగిసింది. ఏఆర్‌పీ అవసరమే లేదు కాబట్టి లినక్స్ దాని పక్కన నోఆర్ప్ అని రాస్తుంది. బ్లాకులో సగమే దొరకడంతో గ్రూపు చిరునామాలోని 28 బిట్లలో 23 మాత్రమే మ్యాక్‌లో ఇమిడాయి. ఫలితంగా 32 గ్రూపులు ఒకే మ్యాక్‌ను పంచుకుంటాయి. ఇప్పటికీ మన స్విచ్‌లు ఆ లెక్కతోనే నడుస్తున్నాయి.

గేట్‌వేకి కనిపించిన 00:00:5ఈ:00:01 కూడా అదే ఇంటిది. రెండు రూటర్లు ఒకే వర్చువల్ చిరునామాను పంచుకునే వీఆర్‌ఆర్‌పీ కోసం కేటాయించిన నంబరు. ఒక రూటర్ పడిపోతే రెండోది అదే మ్యాక్‌తో పని అందుకుంటుంది. ఆ ప్రోటోకాల్ పత్రం 1998 ఏప్రిల్‌లో వచ్చింది. పోస్టెల్ చిట్టా తెలిసినవాళ్లకు ఈ ఎంట్రీ కంగారు పెట్టదు. పైగా గేట్‌వేకి బ్యాకప్ ఏర్పాటు ఉందన్న శుభవార్త చెబుతుంది.

ఒక్క మెయిల్, ఒక్క రోజు

ఆ చిట్టాలోంచి నంబరు తెచ్చుకోవడం ఎంత తేలికో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఫిన్లాండ్‌లో టాటు యలొనెన్ అనే పరిశోధకుడు తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. టెల్‌నెట్‌కు 23, ఎఫ్‌టీపీకి 21 ఉన్నాయి. మధ్యలో 22 ఖాళీగా ఉంది. జులైలో ఐఏఎన్‌ఏకి ఒక మెయిల్ పెట్టారు. మర్నాడే జాయిస్ రేనాల్డ్స్ నుంచి జవాబు వచ్చింది, 22 కేటాయించామని. ఫీజు లేదు, ఫైలు తిరగలేదు. ఈరోజు ప్రపంచంలోని లినక్స్ సర్వర్లలోకి అడ్మిన్లు వెళ్తున్నది మామూలుగా ఆ గుమ్మంలోంచే.

దేశాల పేర్ల విషయంలో పోస్టెల్ ఇంకా జాగ్రత్తగా నడిచారు. డాట్ కామ్, డాట్ ఈడీయూ లాంటి ముగింపుల గురించి 1984లో రేనాల్డ్స్‌తో కలిసి పత్రం రాశారు. దేశాలకు రెండక్షరాల ముగింపులు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏది దేశమో, ఏది కాదో తేల్చే పని తన నెత్తిన పెట్టుకోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలో ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు. అంతే. 1994లో దాన్ని రాతపూర్వకం చేశారు. మన డాట్ ఇన్ 1989 మేలో ఆయన చిట్టాలోకి ఎక్కింది.

చిట్టా ఎవరిది?

ఊరి కరణాల గురించి పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబుతారు. లెక్క తప్పని కరణం ఉంటే ఊరికి భరోసా. కానీ చిట్టా అంతా ఒకరి చేతిలోనే ఉంటే ఊరంతా ఆ ఒకరి దయ మీద ఉన్నట్టే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేయడానికి ఇదొక కారణం. పోస్టెల్ నిజాయతీని శంకించినవాళ్లు లేరు. అయినా అదే ప్రశ్న ఆయన ముందుకూ వచ్చింది.

1990ల మధ్యలో ఇంటర్నెట్‌లోకి డబ్బు వచ్చింది. అమెరికా ప్రభుత్వ ఒప్పందంతో డొమైన్ పేర్లు నమోదు చేస్తున్న నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ 1995 సెప్టెంబరు నుంచి పేరుకు ఏడాదికి 50 డాలర్ల చొప్పున వసూలు మొదలుపెట్టింది. పోటీ ఉండాలంటే కొత్త ముగింపులు రావాలని పోస్టెల్ 1996లో ప్రతిపాదించారు. వ్యాపారులు, లాయర్లు, ప్రభుత్వాలు అందరూ చర్చలోకి దిగారు. ముడి తెగలేదు.

1998 జనవరి 28న పోస్టెల్ ఒక మెయిల్ పంపారు. డొమైన్ల వ్యవస్థకు మూలమైన రూట్ సర్వర్లు అప్పటికి 13. ప్రధానమైనది నెట్‌వర్క్ సొల్యూషన్స్ దగ్గర ఉంది. మిగతా 12లో 8 సర్వర్ల నిర్వాహకులను, ఇకపై మూల జాబితాను ఆ కంపెనీ నుంచి కాకుండా తన సర్వర్ నుంచి తీసుకోమని అడిగారు. వాళ్లు మారు మాట్లాడకుండా మార్చేశారు. జాబితాలో తేడా లేదు కాబట్టి మామూలు వాడకందార్లకు ఏమీ తెలియలేదు. వాషింగ్టన్‌లో మాత్రం కలకలం రేగింది. వైట్‌హౌస్ సలహాదారు ఐరా మ్యాగజినర్ జోక్యంతో పోస్టెల్ దాన్ని వెనక్కి తీసుకున్నారు. పరీక్ష కోసం చేశామని ఆయన వివరణ.

ఆయన నిజంగా పరీక్షించారా, లేక ఇంటర్నెట్ ఎవరి మాట వింటుందో చూపించారా అన్నది ఇప్పటికీ వాదనే. ఒక్కటి మాత్రం తేలిపోయింది. ఏ చట్టమూ ఇవ్వని అధికారం ఆయన చేతిలో ఉంది. అది పాతికేళ్లు పైబడి లెక్క తప్పకుండా చేసిన పని మీద జనానికి కుదిరిన నమ్మకం. అదే సమయంలో, ప్రపంచం మొత్తం వాడే వ్యవస్థ ఒక్క మెయిల్‌తో పక్కకు తిరగడం మంచిది కాదన్నదీ నిజమే. ఆ సెప్టెంబరు 30న ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. దాని ఏర్పాటుకు పోస్టెల్ కూడా కష్టపడ్డారు. చిట్టాను సంస్థకు అప్పగించే పని జరుగుతుండగానే, 1998 అక్టోబరు 16న, గుండె ఆపరేషన్ తర్వాత ఆయన కన్నుమూశారు. వయసు 55. మిత్రుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళి కూడా ఆర్‌ఎఫ్‌సీగానే వెలువడింది, 2468వ నంబరుతో. ఆయన పేరిట ఇంటర్నెట్ సొసైటీ ఇచ్చే అవార్డు 2014లో మన పక్కనున్న నేపాల్‌కు వెళ్లింది. కొండ ఊళ్లకు వైర్‌లెస్ నెట్ తీసుకెళ్లిన మహావీర్ పున్‌కు.

పట్టికలో వింత కనిపిస్తే..

పోస్టెల్ పద్ధతి ఉద్యోగంలో ఇలా వాడుకోవచ్చు.

1. ముందు చిట్టా చూడండి. మ్యాక్‌లో మొదటి ఆరు అంకెలు ఎవరివో ఐఈఈఈ జాబితాలో, 5ఈ అయితే ఐఏఎన్‌ఏ జాబితాలో దొరుకుతుంది. మ్యాక్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈ అయితే అది ఫ్యాక్టరీలో ఇచ్చింది కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నది. కంటెయినర్లు, వర్చువల్ మెషీన్లలో ఇది మామూలే.

2. ఎంట్రీ స్థితి చదవండి. స్టేల్ అంటే తప్పు కాదు. ఈమధ్య సరిచూసుకోలేదని మాత్రమే. ఫెయిల్డ్, ఇన్‌కంప్లీట్ అని ఉంటే అవతలి నుంచి జవాబు రాలేదని. మెషీన్ ఆగిపోయిందా, వీలాన్ మారిందా, సబ్‌నెట్ మాస్క్ తప్పా అని చూడాలి.

3. చాలా ఐపీలకు ఒకే మ్యాక్ ఉంటే ప్రాక్సీ ఏఆర్‌పీ, లేదా ఒకే మెషీన్‌కు పలు ఐపీలు. ఒకే ఐపీకి మ్యాక్ మారుతూ ఉంటే జాగ్రత్త. ఒకే ఐపీని ఇద్దరికి ఇచ్చి ఉండొచ్చు. లేదా ఒక లినక్స్ మెషీన్‌కు ఒకే సబ్‌నెట్‌లో రెండు కార్డులుంటే, ఒక కార్డు ఐపీ అడిగినా రెండో కార్డు బదులిస్తుంది. ఏఆర్‌పీ ఇగ్నోర్, ఏఆర్‌పీ అనౌన్స్ అనే కెర్నెల్ సెట్టింగులు దానికి మందు. ఇవేవీ కాకపోతే అప్పుడు దాడిని అనుమానించాలి. టీసీపీడంప్‌తో ఏఆర్‌పీ జవాబులు పట్టుకుంటే ఎవరు బదులిస్తున్నారో తెలుస్తుంది.

4. కెర్నెల్ లాగ్‌లో నైబర్ టేబుల్ ఓవర్‌ఫ్లో అని కనిపిస్తే పట్టిక నిండిపోయింది. మామూలుగా దాని గరిష్ఠ పరిమితి 1024 ఎంట్రీలు. పెద్ద నెట్‌వర్క్‌లో పెంచుకోవాలి.

5. కారణం తెలిశాకే ఎంట్రీ తీసేయండి. ముందే తీసేస్తే సాక్ష్యం పోతుంది, సమస్య గంటలో తిరిగొస్తుంది.

6. దొరికిన సంగతి రాసిపెట్టండి. ఏ ఐపీ ఏ మెషీన్‌ది, ఏ మ్యాక్ ఎందుకుంది, ఎవరు ఎప్పుడు మార్చారు.

ఈ ఆరోదాన్నే అందరం వదిలేస్తాం. కోడ్ రాస్తే ప్రమోషన్, డాక్యుమెంట్ రాస్తే ఏముందన్నది క్యాంపస్ నుంచి కంపెనీ దాకా ఉన్న అభిప్రాయం. పోస్టెల్ కెరీర్ దానికి ఎదురు నిలబడుతుంది. ఆయన కంపెనీ పెట్టలేదు, డొమైన్లు అమ్ముకుని కోట్లు గడించలేదు. ఎవరికీ పట్టని జాబితాను తేడా రాకుండా రాసి, అడిగినవాళ్లకల్లా ఇచ్చారు. మీ టీంలో ఐపీల షీటు అప్‌డేట్ చేసే పని మీకు అప్పగిస్తే చిన్నబుచ్చుకోకండి. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు టీం మొత్తం ముందు తెరిచేది ఆ షీటునే. అది చూసుకునేవాళ్లు ఇంకొకరు కూడా ఉండేలా, ఈరోజే పక్క సీటు వాళ్లకు నేర్పించండి.